పోటు వేళకి

నాలుగవగానే తాత టోపీ పెట్టుకుంటాడు.
"ఇక ఇంటికి పోదాం" అంటాడు,
చుట్టమింటికొచ్చి పొద్దుపోయిన మనిషిలా,
మర్యాదగా, కుర్చీని బల్ల కిందకి సర్దుతూ.

బయట వాన. చిలోయే దీవిలో వాన వార్త కాదు.
పొయ్యి మీద కెటిల్ సణుగుతోంది.
గోడలకున్న చెక్క పెంకులు ఆయన చీల్చినవే.
తలుపు గడియ ఎంత చీకట్లోనైనా ఆ వేళ్ళకి తెలుసు.
"ఇదే కదా తాతా, మనిల్లు"
అనేదాన్ని మొదట్లో.
అమ్మమ్మ ఓర్ఫెలీనా ఫొటో తెచ్చి చూపించేదాన్ని.
చూసేవాడు. "మంచి మనిషిలా ఉంది" అనేవాడు.
మళ్ళీ టోపీ సర్దుకునేవాడు.

నన్ను ఎతెల్వీనా అంటాడు.
ఎతెల్వీనా ఆయన చెల్లెలు, పదేళ్ళకే జ్వరమొచ్చి పోయింది.
నాకిప్పుడు ముప్పై నాలుగు.
ప్రతి గురువారం ఆ పిల్ల వయసుకి దిగి
ఆయన బూట్ల లేసులు కడతాను.

రాత్రుళ్ళు లేచి వంటింటి కిటికీ దగ్గర నిలబడతాడట.
అద్దానికి నుదురానించి
"సముద్రాన్నెవరు తీసేశారు?" అని అడుగుతాడట.
అక్కడున్నది బార్రియా వాళ్ళ బంగాళాదుంపల మడి.
అమ్మ డాక్టరుకి చెప్పింది.
డాక్టరు దాన్నొక పేరుతో రాసుకున్నాడు.

మొన్న పిల్లికూనల కోసం నేల కింద దూరాను.
అడుగు దూలాల నిండా గొలుసుల ఒరిపిడి.
నా అరచెయ్యి పట్టేంత లోతున.

ఇల్లు నడిచొచ్చిన సంగతి నాకు తెలియనిది కాదు.
పెద్ద అల వచ్చిపోయిన మరుసటేడు,
అవతలి ఒడ్డున నేల కుంగిపోతే
ఊరంతా కలిసి ఇంటినే లాక్కొచ్చారు.
కింద దుంగలు, ముందు ఎనిమిది జతల ఎద్దులు,
అన్నిటికంటే ముందుది లుసేరో, అంటే వేగుచుక్క.
ఒడ్డుదాకా ఈడ్చి, పీపాలు కట్టి,
పోటు ఎక్కగానే పడవలు లాగితే
ఇల్లు తేలుతూ పాయ దాటింది,
పొగగొట్టం మీద ఒక నీటికాకిని ఎక్కించుకుని.
లోపల అమ్మమ్మ, గోడ అద్దాన్ని ఒళ్ళో పెట్టుకుని.
గ్లాసొక్కటి పగల్లేదని చచ్చేదాకా చెప్పుకుంది.

నాకదొక పండగ కథ.
దూలాన్ని తడిమినప్పుడు గానీ తట్టలేదు,
తాత లెక్క తప్పలేదని.
ఇల్లు ఇదే. చోటే ఇది కాదు.
ఆ కిటికీలో నిజంగానే సముద్రముండేది.

ఇప్పుడిక వాదించను.
"ఎద్దులింకా రాలేదు తాతా. నీళ్ళు కూడా దూరంగానే ఉన్నాయి."
"పోటెప్పుడు?"
"ఆరింటికి." నోటికొచ్చింది చెప్పాను.
ఆయన వేళ్ళు మడిచి
పౌర్ణమి దాటి ఎన్ని రోజులో చూసుకున్నాడు.
"ఏడుంబావు" అన్నాడు.
"బడి ఎగ్గొట్టకే అంటే విన్నావా?"

కూతురి పేరు పోయింది. భార్య ముఖం పోయింది.
మధ్యాహ్నం తాగిన సూపు మధ్యాహ్నమే పోయింది.
ఏడుంబావుకి గొడుగేసుకుని రేవుకెళ్ళి చూస్తే
నీళ్ళు ఎక్కడం మానేసి
మెట్ల దగ్గర ఊపిరి తీసుకుంటున్నాయి.

వచ్చేసరికి గోడ అద్దం దింపి ఉంది.
"ఇది నువ్వు పట్టుకో. కుదుపులుంటాయి."
ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.
ఆయనా పక్కన కుర్చీ వేసుకున్నాడు.
వాన పెంకుల మీద పడుతూనే ఉంది,
నిజంగానే కొంచెం కదిలినట్టుంది నాకు.

కాసేపటికి అద్దంలోకి వంగి చూసి
గొంతు తగ్గించాడు:
"ఈ ముసలాయన కూడా మనతోనేనా?"
"ఏమో. అడగనా?"
"వద్దులే. ఎవరూ లేనట్టున్నారు పాపం.
చోటుంది. రానీ."

కుర్చీ కాస్త పక్కకి జరుపుకున్నాడు.